చెంచాడు చాలదనుకున్నవాడు

పొద్దున్న ఏడు దాటిందో లేదో, పొదుగుల తాత వచ్చి గేటు బయట నిలబడ్డాడు. చేతిలో బకెట్టు, బకెట్టు మీద తడిగుడ్డ. చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లందరి గుడ్లూ ఆయన దగ్గరున్న పొదుగు మిషన్లలోనే పిల్లలవుతాయి. మామూలుగా అయితే రోడ్డు మలుపులోనే మొదలుపెడతాడు, "ఏవమ్మోయ్, నీ కోళ్లు గుడ్లు పెడుతున్నాయా, గుసగుసలాడుకుంటున్నాయా?" అని. ఆ రోజు నోరు విప్పలేదు. గేటు కడ్డీని వేలితో రెండుసార్లు కొట్టి ఊరుకున్నాడు.

గేటు తీసినావిడకు నలభై ఆరేళ్లు. ఊళ్లో అందరికీ గుడ్లక్క. కోళ్ల పనిలోకి రాకముందు పదకొండేళ్లు మందుల షాపులో కౌంటరు వెనక నిలబడింది. ఇప్పుడు చెల్లెలు, చెల్లెలి మొగుడైన మరిదితో కలిసి నాలుగువందల కోళ్లను బోనుల్లో కుక్కకుండా పచ్చికలో వదిలి పెంచుతోంది. ముగ్గురిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

"చెల్లెక్కడ?" అన్నాడు తాత గొంతు తగ్గించి.

"వంటగదిలో ఉంది. ఏం?"

"అయితే ఇక్కడే చూడు."

గుడ్డ తొలగించాడు. బకెట్టులో పెంకు ఒలిచిన గుడ్లు. లోపల, పుట్టాల్సిన రోజు దాటిపోయినా పుట్టని పిల్లలు. ఒకదానికి కళ్లు ఉండాల్సిన చోట చర్మమే ఉంది. ఇంకోదానికి ముక్కు పై సగం లేదు. మరొకదాని రెండు కాళ్లూ మెలిపడి దారప్పోగుల్లా ఉన్నాయి. గుడ్లక్క నాలుగోదాన్ని చూడలేదు.

"నువ్విచ్చినవి ఎనభై," అన్నాడు తాత. "పిల్లలైనవి పంతొమ్మిది. ముందు నా మిషన్ చెడిందేమో అనుకున్నా. కానీ అదే మిషన్‌లో, పై అరలో వేరేవాళ్లవి నూటికి తొంభై నిక్షేపంగా బయటికొచ్చాయి."

"జబ్బంటావా?"

తాత పచ్చిక వైపు చెయ్యి చాపాడు. కోళ్లు ఈకలు నిగనిగలాడుతూ మట్టి కెలుక్కుంటున్నాయి. ఒక పుంజు దర్జాగా మెడ సాచింది. "జబ్బు చేసిన కోళ్లు ఇలా ఉంటాయా? ఇలాంటి పిల్లల్ని నా జన్మలో ఒక్కసారి చూశా. అప్పుడూ తప్పు మేతలోనే తేలింది. నువ్వేం కలుపుతున్నావో చూసుకో తల్లీ."

కలుపుతున్నదేమిటో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. మొక్కజొన్న, సోయా, సున్నపురాయి నలుసు. పదో వంతు అవిసె గింజలు, గుడ్డులో మంచి కొవ్వు పెరగడానికి. సొన ఎర్రగా ఉండటానికి ఎండిన బంతి రేకులు. చివరిగా సెలీనియం అనే ఖనిజం కలిసిన పొడి. ఒంటికి కావలసింది చిటికెడే, కానీ ఆ చిటికెడు లేకపోతే కుదరదు. కోడి తిన్నది గుడ్డులోకి వస్తుంది, గుడ్డు తిన్న మనిషికి అందుతుంది. ఈ గుడ్లలో మామూలు వాటికంటే బలం ఎక్కువని పరీక్షలో తేలాకే కాన్పుల ఆస్పత్రి వాళ్లు వీటిని అడిగి మరీ తీసుకోవడం మొదలుపెట్టారు.

వారానికోసారి కలిపే మూడువందల కిలోల మేతకి ఆ పొడి పదిహేను గ్రాములు. డబ్బాలోనే ఒక చిన్న చెంచా ఉంటుంది. అది తలగొట్టి ఒక్కటంటే ఒక్కటి.

అయితే ఆరు వారాల కిందట షెడ్డులో జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పి నాలుగు రోజులే అయింది. ఈ ఆరు వారాలూ మేత కలిపింది మరిది.

మేత గది తలుపు తోసుకుని వెళ్లింది. వెనకే తాత. అరలోంచి పొడి డబ్బా దింపింది. రెండు కిలోల డబ్బా చేతికి తేలిగ్గా వచ్చింది. చెయ్యి విరిగిన వారంలోనే కొత్తగా తెరిచింది అది. తక్కెడలో పెట్టింది. డబ్బా బరువు తీసేస్తే పొడి మూడువందల ఎనభై గ్రాములు.

ఆరుసార్లు కలిపితే తొంభై గ్రాములు తగ్గాలి. పదహారువందల ఇరవై తగ్గింది. ఆమె వేళ్లు మడిచి, మళ్లీ విప్పి లెక్క వేసింది. ప్రతిసారీ పద్దెనిమిది చెంచాలు.

డబ్బా వెనకే ఒక టీ గ్లాసు ఉంది. అడుగున బూడిదరంగు పొడి అంటుకుని ఉంది. చెంచా మాత్రం డబ్బాలో ప్లాస్టిక్ సంచిలోనే ఉంది, సంచి విప్పనేలేదు.

"అమ్మో," అన్నాడు తాత.

అప్పుడు గోడ గడియారం ఏడూ ఇరవై ఐదు. ఆరింటికే మరిది బండిలో గుడ్లేసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. ఏడూ నలభైకి అక్కడి తల్లులకు టిఫిన్ ట్రాలీ కదులుతుంది, మనిషికో ఉడికించిన గుడ్డుతో.

ముందు మరిదికి ఫోన్ చేసింది. ఎన్నిసార్లు చేసినా మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోడు. ఆ మంచి అలవాటు నేర్పింది ఆమే. ఆస్పత్రి వంటగదికి చేసింది. అక్కడ పెద్దావిడ ఒకామె ఉంటుంది, గరిటెతో పాటు గొంతూ పెద్దదే.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే? గుడ్లు వచ్చాయిలే. ఉడుకుతున్నాయి."

"ఎవరికీ పెట్టలేదు కదా?"

"ఇంకో పది నిమిషాల్లో పెడతాం. ఎందుకూ?"

ఆ 'ఎందుకూ'కి జవాబుగా ఒక్క క్షణంలో మూడు అబద్ధాలు వరసగా వచ్చి నాలుక చివర నిలబడ్డాయి. ట్రేలు మారిపోయాయి. పాత గుడ్లు కలిశాయి. పురుగుల మందు పడిందేమోనని అనుమానం. ఏది చెప్పినా ఇవాళ్టి గుడ్లు ఆగుతాయి. కానీ నిన్నటివి? మొన్నటివి? ఈ ఆరు వారాలూ తిన్నవాళ్ల సంగతి ఏ అబద్ధం చెబుతుంది?

"మేతలో వేసే పొడి మోతాదు తప్పింది," అంది. "పద్దెనిమిదింతలు పడింది. ఇవాళ కాదు, ఆరు వారాలుగా. ఈ గుడ్లు కడుపుతో ఉన్నవాళ్లు తినకూడదు. మీ స్టోరులో ఉన్నవీ ముట్టుకోనివ్వకండి. డాక్టరమ్మగారికి ఫోనివ్వండి, నేనే చెబుతా."

అవతల ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత ఆ పెద్ద గొంతు, ఫోనుకు దూరంగా: "పొయ్యి కట్టెయ్! కట్టెయ్యమన్నానా! ఆ ట్రాలీ ఎక్కడికి? వెనక్కి తిప్పు!" మళ్లీ దగ్గరగా వచ్చింది. ఈసారి గొంతు చిన్నదైపోయింది. "ముప్పై నలుగురున్నారమ్మా వార్డులో. రోజుకో గుడ్డు నా చేత్తో పెట్టా. వాళ్లకేమైనా అయితే?"

"నాకు తెలీదండీ. తెలిసినంతా చెప్పేశా."

"లైన్లోనే ఉండు. పెట్టెయ్యకు."

డాక్టరమ్మ లైన్లోకి వచ్చింది. పొడి పేరు, బరువు, ఎన్ని కిలోల మేత, ఎప్పట్నుంచి అని నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకుంది. అయిదో ప్రశ్న అడిగింది: "రోజుకి ఒకటి కంటే ఎక్కువ తిన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

గుడ్లక్క వంటగది వైపు చూసింది. "ఉన్నారు. మా చెల్లి. ఎనిమిదో నెల. రోజుకి మూడు."

"ఇప్పుడే తీసుకురండి."

చెల్లెలికి ముప్పై ఆరేళ్లు. తొమ్మిదేళ్ల కాపురంలో ఇది మూడో కడుపు. మొదటిది నాలుగో నెలలో పోయింది, రెండోది అయిదో నెలలో. ఈసారి ఏడో నెల పడ్డాక గానీ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. నెల రోజులుగా నోట్లో ఏదో ఇనుము చప్పరించినట్టుందని అంటోంది, దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోందని అంటోంది. కడుపుతో ఉంటే అన్నీ మామూలేనని సర్దిచెప్పింది గుడ్లక్కే. ఇప్పుడు ఆ మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి చెంప మీద కొట్టినట్టయింది.

వంటగదిలో చెల్లెలు రెండో గుడ్డు సగానికి కోసి ఉప్పు చల్లుకుంటోంది. గుడ్లక్క వెళ్లి కంచం లాగేసింది.

"ఆకలేస్తోందక్కా, ఆటలొద్దు."

"తినకు."

"పాడయ్యాయా? వాసన రాలేదే." అంటూనే అక్క ముఖం చూసి చేతిలో కత్తి కింద పెట్టింది. కిటికీలోంచి తాత కనిపించాడు, బకెట్టు కాళ్ల మధ్య దాచుకుని. "ఆ బకెట్టులో ఏముంది?"

"చూడకు."

"చూస్తా." లేచింది. గుడ్లక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించింది. మణికట్టు కలుక్కుమంది. 

"తాత పొదిగించిన మన గుడ్లు… పిల్లలు సరిగా రాలేదు," అంది గుడ్లక్క. "పొడి ఎక్కువ పడింది మేతలో. పద చెల్లీ, ఆస్పత్రికి. దారిలో అంతా చెబుతా."

చెల్లెలి రెండు చేతులూ పొట్ట మీదకు వెళ్లాయి. "సరిగా రాలేదంటే?"

గుడ్లక్క చెల్లెలి భుజం పట్టుకుంది.

"ఎంత ఎక్కువ?"

"చాలా."

"నువ్వు కలిపావా?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు. బయట బండి వచ్చిన చప్పుడు వినిపించింది.

మరిది నవ్వుతూ దిగాడు, ఖాళీ ట్రేలు చంకలో పెట్టుకుని. "ఏంటి వదినా, ఏడుసార్లు చేశారు? కొంప మునిగినట్టు!" తాతను చూశాడు, ఆయన చేతిలో మేత గది టీ గ్లాసు చూశాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది గానీ దానికి ప్రాణం పోయింది.

"పొడి దేనితో వేశావు?" అంది గుడ్లక్క ఎదురెళ్లి.

"మీరు గోడ మీద రాశారుగా. చెంచాతోనే."

"చెంచా సంచిలోంచి బయటికే రాలేదు. ఇంకోసారి అడుగుతున్నా. దేనితో వేశావు?"

అతను ట్రేలు నేల మీద పెట్టాడు. పెట్టడానికి చాలాసేపు పట్టింది. "గ్లాసుతో," అన్నాడు చివరికి. "మంచిదే కదా వదినా అది? తల్లికి ఎంత అందితే బిడ్డకు అంత బలమని ఎక్కడో చదివా. మూడువందల కిలోలకి ఆ బుల్లి చెంచాడా? మందు వాసన చూపించినట్టుంది. మీరేదో పొదుపు చేస్తున్నారనుకున్నా. దానికి రెండుసార్లు అలా అయ్యాక… ఈసారి ఏ లోటూ ఉండకూడదని…"

"అన్నంలో ఉప్పు కాదు అది, ఇంకాస్త పడితే ఇంకాస్త రుచి రావడానికి!"

"నాకేం తెలుసు? విషమని మీరు చెప్పలేదే!"

ఆ మాట గుడ్లక్కకు సూటిగా తగిలింది. నిజమే. గోడ మీద సుద్దముక్కతో 'చెంచా ఒకటి' అని రాసింది. ఎందుకు ఒకటో రాయలేదు, ఎప్పుడూ చెప్పనూ లేదు. పదకొండేళ్లు మందులు అమ్మినదానికి అది చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు.

తాత బకెట్టు మీది గుడ్డ తీసి మరిదికి చూపించాడు. మరిది చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి బండికి ఆనుకున్నాడు. తర్వాత గుడ్లక్క చెయ్యి పట్టుకున్నాడు. "దానికి చెప్పొద్దు వదినా. మీ కాళ్లు పట్టుకుంటా. పరీక్షలు అయ్యేదాకా చెప్పొద్దు. మేత అమ్మినవాడి తప్పని చెబుదాం. భయానికే దానికేమైనా అయితే…"

"ఎవరికి చెప్పొద్దు?"

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది, చెప్పులు వేసుకుని, ఆస్పత్రి ఫైలు చంకలో పెట్టుకుని. భర్తను ఎప్పుడూ 'నువ్వు' అనే పిలిచే మనిషి ఆ రోజు అతని వైపు చూడకుండా అంది:

"మీరు బండి తియ్యండి."

ముందు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. వెనక, గుడ్ల ట్రేల మధ్య అక్కను ఆనుకుని కూర్చుంది.  ఒకచోట బండి గతుకులో పడితే మరిది వెనక్కి తిరిగి "దెబ్బ తగిలిందా?" అన్నాడు. చెల్లెలు ముఖం పక్కకు తిప్పుకుంది. అతను ఆ తర్వాత మరీ నెమ్మదిగా నడిపాడు. గుడ్లక్క "తొందరగా పోనీ" అని అరవాల్సి వచ్చింది.

డాక్టరమ్మ స్కాన్ చేసింది. చీకటి గదిలో తెర మీద ఒక చిన్న ముఖం పక్కకు తిరిగి ఉంది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కళ్ల గుంటలు కొలిచింది, పెదవి చూసింది, చేతులు విప్పుకునేదాకా ఆగింది. ఆ సేపంతా చెల్లెలు తెర వైపు చూడలేదు, డాక్టరమ్మ ముఖంలోకే చూస్తోంది.

"నాకు కనిపించినంతవరకు అంతా సరిగానే ఉంది," అంది డాక్టరమ్మ. "కానీ స్కాన్‌లో అన్నీ కనిపించవు. రక్తం పెద్ద ల్యాబుకు పంపుతా. మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా నేనేం చెప్పినా అది ఊహే."

వార్డులోని ముప్పై నలుగురి రక్తమూ తీశారు. వంటగది పెద్దావిడ మెట్ల దగ్గర ఎదురైంది. గుడ్లక్క ఆగి తల వంచుకుంది, తిట్టాల్సినవన్నీ తిట్టనీ అని. ఆవిడ తిట్టలేదు. "ఉడికినవి చెత్తలో వెయ్యలేదు. కుక్కలు తింటాయని తాళం పెట్టి ఉంచా. వచ్చి పట్టుకుపో," అని వెళ్లిపోయింది.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో ఆ ఇంట్లోవాళ్లనే అడగాలి. చెల్లెలు తన గదిలోంచి దిండు, దుప్పటి తెచ్చుకుని అక్క మంచం మీద పడుకుంది. భర్త గుమ్మం దగ్గరికి వస్తే గోడ వైపు తిరిగింది. అతను పళ్లెంలో బ్రెడ్డు, పాలు తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్లేవాడు. అవి అక్కడే చల్లారేవి, గుడ్లక్క మళ్లీ వేడిచేసి తన చేత్తో ఇస్తే తాగేది.

గుడ్లక్క తమ దగ్గర గుడ్లు కొనే నలభై రెండు ఇళ్లకు ఫోన్లు చేసింది. అందరికీ అదే మాట, మొదట్నుంచి చివరిదాకా. ఒకాయన "పోలీసులకు చెబుతా" అన్నాడు. ఒక పెద్దామె "నాకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఏం తిని పోతానో నాకే తెలీడం లేదు, నీ గుడ్డొక లెక్కా?" అంది. బట్టలకొట్టు ఆయన అంతా విని నిట్టూర్చాడు. "మా ఆవిడ జుట్టు ఊడుతోందని నెల్నుంచీ నా ప్రాణం తీస్తోంది. షాంపూ కంపెనీకి మూడు ఉత్తరాలు రాశా. ఇప్పుడు నాలుగోది రాయాలి, క్షమించమని." గుడ్లక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన కంగారుపడి, పర్లేదు పర్లేదు అన్నాడు.

రెండో రోజు ఆహార తనిఖీ అధికారి వచ్చాడు. మేత, పొడి, గుడ్లు సీసాల్లోకి, సంచుల్లోకి తీసుకుని ముద్రలు వేశాడు. కాగితం మీద పెన్ను ఆనించి అడిగాడు: "కలిపింది ఎవరు?"

మరిది ముందుకు వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే గుడ్లక్క అంది: "కలిపింది ఆయన. మోతాదు తప్పితే ఏమవుతుందో చెప్పకుండా డబ్బా అప్పగించింది నేను. రెండూ రాయండి."

అధికారి రెండూ రాశాడు. పరీక్షల్లో శుభ్రమని తేలేదాకా ఒక్క గుడ్డు కూడా గేటు దాటకూడదన్నాడు.

కోళ్లకు ఈ సంగతులేం తెలుసు? మేత మార్చినా అవి రోజూ గుడ్లు పెడుతూనే ఉన్నాయి, రోజుకి మూడువందలకు తగ్గకుండా. పచ్చిక చివర మరిది నిలువులోతు గొయ్యి తవ్వాడు. పొద్దున్నే ట్రేలు మోసుకెళ్లి ఒక్కొక్క గుడ్డూ పగలగొట్టి గోతిలో పోసి, పైన సున్నం చల్లి మట్టి కప్పేవాడు. గుడ్లక్క సాయం వెళితే వద్దన్నాడు. "నా పని వదినా ఇది," అన్నాడు. మోకాళ్ల దాకా సొన, చేతుల నిండా పెంకులు. అక్క గది కిటికీ అటువైపే తెరుచుకుంటుంది. చెల్లెలు రోజూ ఆ కిటికీ దగ్గర కూర్చుని చూసేది. 

నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ పిలిచింది. ముగ్గురూ వెళ్లారు. బల్ల ముందు రెండే కుర్చీలు. మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వార్డులో వాళ్లందరికీ రక్తంలో ఆ ఖనిజం కాస్త ఎక్కువగా ఉంది గానీ హద్దులోనే ఉంది. వాళ్ల గురించి భయం లేదు." డాక్టరమ్మ ఇంకో కాగితం తీసింది. "మీది హద్దు మీద ఉంది. సరిగ్గా గీత మీద. మీ జుట్టు, నోట్లో రుచి, అవన్నీ అందుకే. ఇంకో నెల తిని ఉంటే నేనిలా కూర్చుని మాట్లాడేదాన్ని కాదు."

"మరి ఆ కోడిపిల్లలు?" అంది చెల్లెలు. మూడు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి పెద్ద మాట అది.

"పెంకులో పిల్ల ఎక్కడికి పోతుంది? తల్లి పెట్టినదంతా దానితోనే ఉండిపోతుంది, బయటికి పోయే దారి లేదు. మీ ఒళ్లు అలా కాదు. ఎక్కువైంది రోజూ కొంచెం కొంచెం బయటికి పంపేస్తుంది. పైగా మీరు తినడం మొదలుపెట్టేసరికే బిడ్డ అవయవాలు ఏర్పడిపోయాయి. అందుకే నాకు ధైర్యంగా ఉంది. పూర్తి భరోసా మాత్రం బిడ్డ చేతికొచ్చాకే ఇస్తా."

బయటికొచ్చాక మరిది మెట్ల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు. చెల్లెలు అతన్ని దాటి నాలుగు మెట్లు దిగింది. ఆగింది.

"పొడి ఎక్కువ వేసినందుకు కాదు నా కోపం," అంది వెనక్కి తిరక్కుండానే. "అది నా కోసమే వేశారని నాకు తెలుసు. కానీ బిడ్డ నా కడుపులో ఉంటే, నాకు చెప్పొద్దన్నారే. అది మాత్రం ఎలా మింగాలో తెలీడం లేదు నాకు."

అతను తలెత్తి, "నేనూ మింగలేకపోతున్నా," అన్నాడు.

రోజులు కదిలాయి. పొడి మొత్తానికే ఆపేశారు. అవిసె గింజలు, బంతి రేకులు మాత్రం ఉంచారు. మూడు వారాలకు గుడ్లు మళ్లీ పరీక్షకు వెళ్లి మామూలుగానే ఉన్నాయని కాగితం వచ్చింది. అధికారి ఇక అమ్ముకోవచ్చన్నాడు. గుడ్లక్క ఒప్పుకోలేదు. "కాగితం చెబితే చాలదు. కోడిపిల్ల చెప్పాలి," అని ఎనభై గుడ్లు తాత మిషన్‌లో పెట్టించింది. మరో ఇరవై ఒక్క రోజులు. ఈలోగా గోతిలో గుడ్లు పడుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఒకసారి చెల్లెలు మంచినీళ్ల సీసా పట్టుకుని గోతిదాకా నడిచి, అక్కడ పెట్టి, మాట్లాడకుండా వచ్చేసింది. అతను ఆ సీసా సాయంత్రందాకా ఖాళీ చెయ్యలేదు.

ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ముందే చెప్పినందుకు కృతజ్ఞతలనీ, ఇకమీదట మాత్రం గుడ్లు వేరేచోట తీసుకుంటామనీ. గుడ్లక్క రెండుసార్లు చదివింది. "న్యాయమే," అంది. ఉత్తరం మడిచి అరలో పెట్టింది.

ఇరవై ఒకటో రోజున తాత దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ముగ్గురూ బండెక్కి వెళ్లారు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులుందని చెల్లెలు మొండికేసి వచ్చింది. మిషన్ తలుపు తెరిస్తే వెచ్చటి గాలి, దానితో పాటు కీచుకీచుమనే గోల. తాత ఒక్కొక్క పిల్లనే అరచేతిలో పెట్టుకుని కళ్లు చూశాడు, ముక్కు చూశాడు, కాళ్లు చూశాడు, పక్క పెట్టెలో వదిలాడు.  చివరి పిల్లను వదిలాక అన్నాడు, "డెబ్భై మూడు. ఒక్క వంకర లేదు. మిగతా ఏడూ అసలు పిల్ల కట్టని గుడ్లే."

మరిది గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. చెల్లెలు పెట్టె మీదకు వంగబోయి, ఒక్కసారిగా మిషన్ పట్టుకుని ఆగిపోయింది. కాళ్ల కింద సిమెంటు నేల తడిసింది.

"అక్కా," అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "నువ్వు బండి తియ్యి. తొందరగా," అంది.

ఆ కంగారులో అతను ఆ మాటలో ఏం మారిందో గమనించనే లేదు. గుడ్లక్క గమనించింది.

కాన్పు పదకొండు గంటలు పట్టింది. ఆ పదకొండు గంటలూ గుడ్లక్క, మరిది బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ఒకసారి, "నీకు సరిగా చెప్పి ఉండాల్సింది నేను," అంది. అతను, "అడిగి ఉండాల్సింది నేను వదినా," అన్నాడు.  వంటగది పెద్దావిడ రెండు కప్పుల టీ పంపించింది. తాగారో లేదో వాళ్లకే గుర్తు లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, "ఆడపిల్ల," అంది. "రెండు కిలోల ఆరువందలు. తల నుంచి కాలి దాకా చూశా. ఇప్పుడిస్తున్నా భరోసా."

లోపలికి వెళ్లేసరికి చెల్లెలు చెమటతో తడిసి, తెల్లబడి ఉంది. పక్కన గుడ్డలో చుట్టిన పిల్ల. మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు, అడుగు ముందుకు పడలేదు.

"రా," అంది చెల్లెలు. "ఎత్తుకో. మెడ కింద చెయ్యి పెట్టు."

అతను ఎత్తుకున్నాడు. పిల్ల ముఖం చిట్లించి, కళ్లు తెరిచి, ఆ నల్లటి కళ్లతో అతన్ని కాసేపు చూసి, గది దద్దరిల్లేలా ఏడుపు మొదలుపెట్టింది. "పెద్దమ్మ దగ్గరికి వెళతావా?" అని అడిగాడు అతను బెదిరిపోయి. గుడ్లక్క చేతులు చాచింది గానీ, చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"కాసేపు ఉండనీ. వాళ్ల నాన్నే ఊరుకోబెట్టాలి."

అతను ఆ గదిలో కిటికీ నుంచి తలుపుకీ, తలుపు నుంచి కిటికీకీ నడవడం మొదలుపెట్టాడు.